ర్యాప్ కథ – 4: కేజ్ నోట్‌బుక్కు

సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు బిల్డింగు కింది హాల్లో 1973 ఆగస్టు 11 రాత్రి జరిగిన పార్టీ దగ్గర కిందటి భాగం ఆగింది. బడులు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని సిండీ కాంప్‌బెల్ ఆ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్టు. ఆమె అన్న క్లైవ్, ఊరికి కూల్ హెర్క్, రికార్డులు వేశాడు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌ను చీల్చుకుంటూ పోయిన హైవే సంగతి, అక్కడ ఏళ్ల తరబడి తగలబడ్డ ఇళ్ల సంగతి, 1971 డిసెంబరులో హో అవెన్యూ బాయ్స్ క్లబ్బులో గ్యాంగులు కుదుర్చుకున్న సంధి సంగతి అంతకుముందే చెప్పుకున్నాం.

ఇక మాట వంతు. రికార్డులు తిప్పేవాడి పక్కన నిలబడి కేకలు వేసే కుర్రాడు పదేళ్లు తిరక్కుండానే కవి అయ్యాడు. అదెలా జరిగిందన్నది ఈ భాగం కథ.

హెర్క్ పక్కన మైకు పట్టినవాడు కోక్ లా రాక్. అతను చేసిన పని పెద్దదేం కాదు. వచ్చిన స్నేహితుల పేర్లు పిలిచేవాడు, బయట ఫలానావాడి కారు దారికి అడ్డంగా ఉందని అరిచేవాడు, ఆడేవాళ్లను హుషారు చేసేవాడు. జనం వచ్చింది రికార్డు వినడానికి, ఆడడానికి. మైకు పైపై మెరుగు మాత్రమే.

మైకును ముందుకు తెచ్చినవాడు ఒక రికార్డుల మేస్త్రి. జోసెఫ్ శాడ్లర్ బార్బడోస్‌లో పుట్టాడు, బ్రాంక్స్‌లో పెరిగాడు, వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నాడు. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అన్న పేరుతో లోకానికి తెలుసు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఆ గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్కను తాళం తప్పకుండా మళ్లీ మళ్లీ వేసే విద్య అతనిది. ఇంత కష్టపడి ఆ విద్య మొదటిసారి జనం ముందు చూపిస్తే, జనం ఆడడం మానేసి కళ్లప్పగించి నిలబడిపోయారు. పార్టీలో అంతకన్నా పరాజయం లేదు. తన చేతుల మీంచి జనం దృష్టి మళ్లించి వాళ్లను మళ్లీ ఆటలో దించడానికి ఫ్లాష్‌కు మాటకారి కావలసి వచ్చాడు.

అలా వచ్చినవాడు కౌబాయ్. జనాన్ని ఊపడంలో దిట్ట. అతని వెనకే మెల్విన్ గ్లోవర్, నథానియల్ గ్లోవర్ అనే అన్నదమ్ములు వచ్చారు. మెలీ మెల్, కిడ్ క్రియోల్ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకడు మొదలుపెట్టిన పాదాన్ని ఇంకొకడు అందుకుని ముగించేవాడు. ఆ అందుకోవడంలో పొరపాటు రాకూడదంటే ముందే కూర్చుని రాసుకోవాలి, కలిసి సాధన చెయ్యాలి. నోటికొచ్చింది అనేసే రోజులు అక్కడితో పోయాయి. పంక్తులు కాగితం మీదికి వచ్చాయి.

ఆ పంక్తుల కట్టుబడి ఇలా ఉండేది. తాళానికి నాలుగు దెబ్బలు. ప్రాసమాట నాలుగో దెబ్బ మీద పడాలి. రెండు పాదాలకు ఒక జంట, ఒకే అంత్యప్రాస. చూడ్డానికి తేలిక. కానీ వెనక రికార్డు ఆగదు. తడబడితే దెబ్బ దాటిపోతుంది, ఎదురుగా రెండు మూడు వందల మంది ఉంటారు, వాళ్లకు మొహమాటాలుండవు. ఈ కట్టుబాటులోనే ఎవరి గొంతు వారిది కావాలి. ఒకరి పంక్తిని ఇంకొకరు వాడితే వీధిలో తలెత్తుకోలేరు. కాపీ కొట్టడాన్ని కొరకడం అనేవారు. కొరికేవాడన్న పేరు రావడం కన్నా నామర్దా లేదు.

ఈ మాటకారితనం ఎక్కడినుంచి వచ్చిందన్నది యాభై ఏళ్లుగా తెగని తగవు. ఒక్కొక్కరు ఒక్కో దారి చూపిస్తారు. పశ్చిమ ఆఫ్రికాలో వంశచరిత్రలు పాడే గ్రియోల దాకా వెళ్లేవారు ఉన్నారు. ఆ చుట్టరికం మనసుకు నచ్చుతుంది కానీ మధ్యలో కొన్ని వందల ఏళ్ల ఖాళీ ఉంది. దగ్గర్లో దొరికే ఆధారాలు నాకు ఎక్కువ బలంగా కనిపిస్తాయి. రోజర్ అబ్రహామ్స్ అనే జానపద పరిశోధకుడు దక్షిణ ఫిలడెల్ఫియాలో నల్లజాతి వాళ్ల మధ్య ఉండి, వాళ్లు చెప్పుకునే పొడుగాటి ప్రాసకథలు సేకరించి 1964లో పుస్తకం వేశాడు. మాటలతో సింహాన్ని బోల్తా కొట్టించే కోతి కథ, స్టాగోలీ అనే హంతకుడి కథ, టైటానిక్ మునిగితే ఈదుకుంటూ బయటపడ్డ షైన్ కథ. మంగలి షాపుల్లో, సందు మూలల్లో, జైళ్లలో ఇవి నోటినోటా నడిచాయి. ఒకే కథను పదిమంది చెబితే పది రకాలు. ఎవరు బాగా చెబితే వాళ్లదే కథ.

ఇంకొకటి డజన్స్ అనే ఆట. ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి తల్లిని ఒకరు అంటూ, చుట్టూ ఉన్నవాళ్లను నవ్విస్తూ మాటకు మాట విసురుకుంటారు. కోపం వచ్చి చెయ్యెత్తినవాడు ఓడినట్టు. మాట తట్టుకునే ఓర్పు, అంతకన్నా పదునైనది తక్షణం తిప్పికొట్టే తెలివి రెండూ కావాలి. బ్రాంక్స్ కుర్రాళ్లు ఈ ఆటలోనే పెరిగారు. రాత్రిళ్లు రేడియోలో జాకో హెండర్సన్ లాంటి అనౌన్సర్లు పాటకూ పాటకూ మధ్య ప్రాసల్లో మాట్లాడడం వాళ్ల తల్లిదండ్రుల కాలం నుంచే ఉంది.

జమైకా సంగతి చెప్పుకోవాలి. హెర్క్ కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో న్యూయార్క్ వచ్చాడు. జమైకాలో వీధి సౌండ్ సిస్టమ్‌ల మీద రికార్డు తిరుగుతుంటే మైకులో లయగా మాట్లాడే ఆచారం ఉంది. ర్యాప్ అక్కడినుంచే దిగిందని చాలామంది రాశారు. హెర్క్‌ను అడిగితే కాదన్నాడు. బ్రాంక్స్‌లో జమైకా రెగే పాటలు వేస్తే జనం ఒప్పుకోలేదని, తనకు ప్రేరణ గాయకుడు జేమ్స్ బ్రౌన్ అని, ‘హస్లర్స్ కన్వెన్షన్’ అనే 1973 ఆల్బం అని చెప్పాడు. ఆ ఆల్బం చేసినవాడు న్యూయార్క్‌లోనే ఉన్న హార్లెమ్‌లోని లాస్ట్ పోయెట్స్ బృందానికి చెందిన జలాల్ నూరిద్దీన్. జైలు కథల బాణీలో ఒక జూదగాడి కథను ఆల్బం పొడుగునా ప్రాసలో నడిపించాడు. అయితే భారీ స్పీకర్లు వీధిలోకి దించడం, పక్కవాడి సిస్టమ్‌ను తన మోతతో నోరు మూయించడం కింగ్‌స్టన్ అలవాట్లే. యంత్రాలు జమైకా దారిలో వచ్చాయని, మాట అమెరికా నల్లజాతి వీధుల్లోదని నేను అనుకుంటాను.

ఈ తగవులో హార్లెమ్ వాదం కూడా ఉంది. డీజే హాలీవుడ్ అనే ఆయన హార్లెమ్ డిస్కో క్లబ్బుల్లో, మంచి బట్టలు వేసుకొచ్చిన పెద్దవాళ్ల ముందు, తాళం తప్పకుండా ప్రాసలు నడిపించేవాడు. బ్రాంక్స్ కుర్రాళ్లకు ఆ క్లబ్బుల్లోకి ప్రవేశం లేదు. వయసు చాలదు, బూట్లు చాలవు. పార్కుల్లో జరిగే పార్టీల్లో పెరిగింది మాత్రమే అసలు ర్యాప్ అనే వాళ్లు హాలీవుడ్‌ను డిస్కో మనిషి అని పక్కన పెట్టేశారు. అది అన్యాయం. తాళానికి కట్టుబడి పొడుగ్గా ప్రాస నడిపించడంలో అతని దారి ఎందరికో పనికొచ్చింది. పేదరికం ముద్ర లేకపోవడం వల్ల మాత్రమే అతని పేరు చరిత్రలో అడుగున పడింది.

బ్రాంక్స్‌లో ఆ రోజుల్లో అందరికన్నా శ్రద్ధగా నోట్‌బుక్కు నింపినవాడు కర్టిస్ ఫిషర్. మొదట కాసనోవా ఫ్లై అని, తర్వాత గ్రాండ్‌మాస్టర్ కేజ్ అని పేరు. రికార్డులు తిప్పుతూనే మైకు పట్టగల అరుదైన మనిషి. అతని పంక్తుల్లో డాబు ఉంటుంది కానీ ఆ డాబుకు ఒక కథ ఉంటుంది, కథకు మలుపులుంటాయి, మలుపులో నవ్వు ఉంటుంది.

కేజ్ బృందానికి మేనేజరు లాంటివాడు హెన్రీ జాక్సన్, బిగ్ బ్యాంక్ హ్యాంక్. బృందానికి సౌండ్ సిస్టమ్ కొనడానికి అప్పు చేశాడు. అది తీర్చడానికి న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో పిజ్జా షాపులో పనికి కుదిరాడు. 1979 వేసవి. షాపులో కేజ్ టేపు పెట్టుకుని, పిజ్జా పిండి పిసుకుతూ, టేపుతో పాటు గొంతు కలుపుతున్నాడు. అదే ఊళ్లో సిల్వియా రాబిన్సన్ ఉండేది. ఒకప్పటి గాయని, ఇప్పుడు రికార్డు కంపెనీ యజమానురాలు, ఆ కంపెనీ అప్పుల్లో ఉంది. హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో మైకు మీద ప్రాసలు, వాటికి ఊగిపోతున్న జనం చూసినప్పటి నుంచీ దీన్ని రికార్డు చెయ్యాలని ఆమె పట్టుదల. హ్యాంక్ ఒంటికి పిండి అంటుకున్న ఆప్రన్‌తోనే బయటికొచ్చి, షాపు ముందు ఆగిన కారులో కూర్చుని తన గొంతు వినిపించాడు. ఇంకో ఇద్దరు కుర్రాళ్లు, వండర్ మైక్, మాస్టర్ జీ, అక్కడికక్కడే చేరారు. షుగర్‌హిల్ గ్యాంగ్ పుట్టింది.

హ్యాంక్‌కు సొంత పంక్తులు లేవు. కేజ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. ఏం కావాలో తీసుకో అని కేజ్ నోట్‌బుక్కు బల్ల మీద పడేశాడు. తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో కేజ్ ఈ సంగతి చెప్పాడు. స్నేహితుడికి మంచి జరిగితే రేపు తనకూ ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాడు. హ్యాంక్ తీసుకున్నవాటిలో కేజ్ తన పేరును అక్షరం అక్షరం చెప్పుకునే పంక్తి కూడా ఉంది. దాన్ని మార్చాలని కూడా అతనికి తోచలేదు. కోట్లమంది విన్న ఆ పాటలో, హ్యాంక్ నోట, నేటికీ కాసనోవా ఫ్లై పేరు వినిపిస్తుంది.

‘ర్యాపర్స్ డిలైట్’ 1979 సెప్టెంబరులో విడుదలైంది. పద్నాలుగు నిమిషాలు దాటిన పాట. షీక్ బృందం ‘గుడ్ టైమ్స్’ పాటలోని బేస్ వరసను స్టూడియో వాద్యగాళ్లు మళ్లీ వాయించారు. షీక్ వాళ్లు అభ్యంతరం చెప్పారు, పాట మీద వాళ్ల పేర్లు చేరాయి, డబ్బు వాళ్లకు వెళ్లింది. బాణీకి యజమాని ఉన్నాడని చట్టం ఒప్పుకుంది. నోట్‌బుక్కులోని మాటకు ఎవరూ కాపలా లేరు. కేజ్‌కు పేరూ రాలేదు, పైసా రాలేదు. పాట బిల్‌బోర్డ్ జాబితాలో 36వ స్థానం దాకా వెళ్లింది, దేశాలు దాటింది. ఫ్యాట్‌బ్యాక్ బ్యాండ్ రికార్డు ఒకటి కొద్ది వారాల ముందే వచ్చినా, ఇల్లిల్లూ ఎరిగిన మొదటి ర్యాప్ పాట ఇదే.

బ్రాంక్స్ నిర్ఘాంతపోయింది. ఈ ముగ్గురు మైకు పట్టగా ఏ పార్కులోనూ ఎవరూ చూడలేదు. రాత్రంతా సాగే వేడుక ఒక ప్లాస్టిక్ పళ్లెంలో ఎలా ఇముడుతుందని అందరూ విస్తుపోయారు. తర్వాత పబ్లిక్ ఎనిమీ బృందం పెట్టిన చక్ డి, ర్యాప్‌కు రికార్డు అనేది ఉంటుందని తాను ఊహించనే లేదని చెప్పాడు. ఆపైన తలుపులు వేగంగా తెరుచుకున్నాయి. కర్టిస్ బ్లో అనే ర్యాపర్‌కు పెద్ద కంపెనీ కాంట్రాక్టు దొరికింది. 1981 ఫిబ్రవరిలో ఫంకీ ఫోర్ ప్లస్ వన్ బృందం జాతీయ టీవీలో సాటర్‌డే నైట్ లైవ్‌కు ఎక్కింది. ఆ ప్లస్ వన్ షా-రాక్ అనే అమ్మాయి. మగవాళ్ల రాజ్యంలో మైకు అందుకుని, వెనకడుగు వెయ్యకుండా నిలబడ్డ తొలి గొంతుల్లో ఆమెది ఒకటి.

రికార్డులు వచ్చినా వీధికి ప్రాణం క్యాసెట్టే. పార్టీలో సౌండ్ బోర్డుకు తగిలించి తీసిన టేపు, దాని కాపీ, కాపీకి కాపీ. ఫ్లాష్ అడిగినవాళ్లకు ప్రత్యేకంగా టేపులు చేసి నిమిషానికి డాలరు వసూలు చేసేవాడు. బ్రాంక్స్‌లో ఓజే అనే క్యాబ్ సర్వీసు డ్రైవర్లు కొత్త టేపులు మోగిస్తూ తిరిగేవారు. ఏ టేపు ఏ క్యాబ్‌లో మోగుతోందో చూసి వీధిలో ఎవరి స్థాయి ఎంతో చెప్పేవారు.

అలాంటి టేపుల్లో ఒకటి ర్యాప్ కవిత్వం దారి మార్చింది. 1981 డిసెంబరు, హార్లెమ్ వరల్డ్‌లో క్రిస్మస్ పోటీ. బిజీ బీ అప్పటికి పోటీల రాజు. అతని బలం జనం. తాను ఒక కేక వేస్తే జనం తిరిగి కేక వెయ్యాలి, రాశుల పేర్లు పిలిస్తే ఆయా రాశుల వాళ్లు అరవాలి, తేలికపాటి ప్రాసకు హాలంతా గొంతు కలపాలి. అది తక్కువ విద్య కాదు. అలసిన హాలును రెండు నిమిషాల్లో లేపగలడు. ఆ రాత్రి, ఇక్కడ నన్ను గెలిచేవాడు లేడన్నట్టు డాబుగా మాట్లాడాడు. ట్రెచరస్ త్రీ బృందంలోని కూల్ మో డీ అక్కడే ఉన్నాడు. రోషం వచ్చింది. పోటీలో పేరిచ్చాడు.

టేపు ఇప్పటికీ దొరుకుతుంది. వింటే తేడా మొదటి అరనిమిషంలోనే తెలుస్తుంది. మో డీ జనానికి సందు ఇవ్వడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న చోటునంతా అక్షరాలతో నింపేస్తాడు. వాక్యం నాలుగో దెబ్బ దగ్గర ఆగకుండా తర్వాతి పాదంలోకి దూసుకుపోతుంది. పాదం చివర ఒక ప్రాస, పాదం నడుమ ఇంకొకటి. అన్నిటికన్నా ముఖ్యం, మాట ఒకే మనిషికి గురిపెట్టి ఉంటుంది. నీ పంక్తులు నీవి కావు, అరువు తెచ్చుకున్నవి, నీ కేకలు తీసేస్తే మిగిలేదేమిటి అని బిజీ బీని పేరు పెట్టి నిలదీస్తాడు. జనం మొదట నవ్వుతారు. తర్వాత మధ్యమధ్యలో వాళ్ల గొంతులు ఆగిపోతాయి, ఎందుకంటే వినాలి, వినకపోతే పోతుంది. డజన్స్ ఆట తాళంలోకి దిగి, పదునెక్కి, వేదిక ఎక్కింది.

టేపు నగరమంతా పాకింది. ఆ తర్వాత జనాన్ని కేకలేయించడం మాత్రమే వచ్చినవాడు పాతకాలం మనిషి కింద లెక్క. పంక్తి రాయడం వచ్చి తీరాలి.

ఆరు నెలలు తిరగగానే, 1982 జులైలో, ‘ద మెసేజ్’ వచ్చింది. పత్రికలు దాన్ని బ్రాంక్స్ ఆర్తనాదమన్నాయి. ఆ ఏడాది చివరికి అమెరికాలో నిరుద్యోగం 10 శాతం దాటింది. నగరాల్లో పేదల బతుకు ఎలా ఉందో వినడానికి మధ్యతరగతి శ్రోతలు మొదటిసారి ర్యాప్ వైపు చెవి పెట్టారు. పాట మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ అని ఉంది. కానీ అది పుట్టింది న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో. రాయడం మొదలుపెట్టినవాడు ఎడ్ ఫ్లెచర్, మారుపేరు డ్యూక్ బూటీ. కాలేజీ చదువు చదివి, సిల్వియా రాబిన్సన్ స్టూడియోలో డ్రమ్స్, తాళవాద్యాలు వాయించేవాడు. అప్పటికి సిల్వియా కంపెనీలో ఉన్న ఫ్లాష్ బృందానికి ఈ పాట నచ్చలేదు. వారమంతా కష్టాలు పడి శనివారం క్లబ్బుకొచ్చే మనిషికి అక్కడ కూడా ఆ కష్టాలే వినిపిస్తామా అన్నారు. సిల్వియా పట్టు వదల్లేదు. చివరికి మెలీ మెల్ ఒక్కడు ఒప్పుకున్నాడు. రికార్డులో ర్యాప్ గొంతులు ఫ్లెచర్‌వి, మెల్‌వి మాత్రమే. ఆ పాట తయారీలో ఫ్లాష్ చెయ్యి దాదాపు లేదు.

పాటకు బలమంతా చివరి చరణంలో ఉంది. పేదవాడలో పుట్టిన ఒక పిల్లవాడు పెరిగి, దారి తప్పి, జైల్లో ముగిసిపోయే జీవితం కొద్ది పాదాల్లో నడుస్తుంది. అది మెల్ మూడేళ్ల కిందటే రాసుకున్న చరణం. 1979లో బాబీ రాబిన్సన్ అనే ఇంకొకరి కంపెనీకి చేసిన ‘సూపర్‌ర్యాపిన్’లో హుషారు తాళం మధ్య అది ఒకసారి వినిపించింది, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తాళం నెమ్మదించగానే అదే మాటకు బరువు వచ్చింది. 2002లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన రికార్డుల జాబితా మొదలుపెట్టినప్పుడు, అందులో చేరిన మొదటి ర్యాప్ పాట ఇదే.

పేదరికం ర్యాప్‌ను పుట్టించిందనే మాట అప్పటినుంచి వేదవాక్కు అయిపోయింది. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 1975లో నగరం దివాలా అంచుకు వెళ్లింది, వేలమంది టీచర్ల ఉద్యోగాలు పోయాయి, పిల్లలకు మిగిలిన దిక్కు పార్కు. ట్రీషా రోజ్ అనే పరిశోధకురాలు 1994లో ‘బ్లాక్ నాయిజ్’ పుస్తకంలో పరిశ్రమలు పోయిన నగరానికీ ఈ సంగీతానికీ ఉన్న బంధాన్ని ఎంతో శ్రద్ధగా వివరించింది. దాన్ని కాదనలేం. అయితే తర్వాత రాసినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోయారు. ప్రతి పంక్తినీ గోడు కింద, ప్రతి కవినీ బాధితుడి కింద చదివారు. రాబిన్ డి.జి. కెల్లీ అనే చరిత్రకారుడు దీనిమీద 1997లో గట్టిగా నిలదీశాడు. పేదవాడల్లోని ఆటా పాటా అంతా కష్టానికి మందని చెబితే, వాటిలోని సరదా, సొగసు, పనితనం ఎవరికి కనిపిస్తాయని అతని ప్రశ్న. నేను కెల్లీ పక్షం.

బ్రాంక్స్‌లో ఇళ్లు తగలబడిన వీధుల్లో లక్షలమంది ఉన్నారు. వాళ్లలో పంక్తి రాసినవాళ్లు కొద్దిమంది, బాగా రాసినవాళ్లు వేళ్ల మీద లెక్క. ఆ కొద్దిమందిని తయారుచేసింది పోటీ. ఇవాళ గెలిచిన పంక్తి వచ్చే శనివారానికి పాతబడుతుంది. ఎదుటివాడు క్యాసెట్టు విని సిద్ధమై వస్తాడు. మెల్ చరణం తన తాళం కోసం మూడేళ్లు ఆగింది. మో డీ ఆ రాత్రి విసిరిన పాదాల వెనక ఏళ్ల సాధన ఉంది. కేజ్ ఆ నోట్‌బుక్కును శ్రద్ధగా నింపాడు. కష్టం వాళ్లకు వస్తువు ఇచ్చింది, సరే. పాదాన్ని ఎక్కడ విరవాలో, ప్రాసను ఎక్కడ దాచాలో వాళ్లు నేర్చుకున్నారు. ఆ నేర్పును చరిత్ర పేదరికం ఖాతాలో రాస్తే, హ్యాంక్ తీసుకున్న పంక్తుల్లాగే అది కూడా రాసినవాడికి చెందకుండా పోతుంది.

1983లో రాయల్టీల కోసం ఫ్లాష్, సిల్వియా కంపెనీ మీద కోర్టుకెక్కాడు, బృందం రెండుగా చీలింది. బ్రాంక్స్ వీరులు కోర్టుల చుట్టూ తిరుగుతున్న ఆ ఏడాదే, నగరానికి ఇంకో కొసన ఉన్న క్వీన్స్ నుంచి ఒక రికార్డు వచ్చింది. హాలిస్ అనే ఆ పేట వాళ్లకు సొంతిళ్లున్నాయి, ఉద్యోగాలున్నాయి. అక్కడ పెరిగి, కాథలిక్ బడిలో చదువుకుని, కామిక్ పుస్తకాలు చదివే డారిల్ మెక్‌డానియల్స్ అనే కుర్రాడికి కేజ్ తర్వాత చేరిన కోల్డ్ క్రష్ బ్రదర్స్ క్యాసెట్లంటే పిచ్చి. వాడూ, వాడి స్నేహితుడు జోసెఫ్ సిమన్సూ కలిసి, డ్రమ్ మెషీన్ దెబ్బ తప్ప దాదాపు ఏ వాద్యమూ లేకుండా, ‘సకర్ ఎమ్‌సీస్’ చేశారు. పేదవాడ ముద్ర లేని ఆ ఇద్దరు బ్రాంక్స్ దిగ్గజాలను రెండేళ్లలో ఎలా పాతవాళ్లను చేశారో, లాంగ్ ఐలండ్‌లో సాక్సోఫోన్ వాయించే రకీమ్ అనే కుర్రాడు పాదం నడుమ ప్రాసలతో వాళ్లనూ ఎలా దాటేశాడో వచ్చే భాగంలో చూద్దాం.